అమ్మ, పెద్దమ్మలతో పాత చర్చిలు చూడాలి: మెదక్, డోర్నకల్ ఒకే రోజు అవుతాయా?

ప్రశ్న (హనుమకొండ నుంచి):
నిజామాబాద్ నుంచి మా పెద్దమ్మ వచ్చింది. వేయిస్తంభాల గుడి, కోట, భద్రకాళి అన్నీ చూపించాం. ఇప్పుడు పాత పెద్ద చర్చిలు చూస్తానంటోంది. మేం క్రైస్తవులం కాదు, లోపలికి రానిస్తారా? అమ్మకు మోకాళ్ల నొప్పులు. కాజీపేట ఫాతిమా కెథెడ్రల్, డోర్నకల్, మెదక్ మూడూ ఒక్కరోజులో అవుతాయా?

జవాబు 1 (డోర్నకల్‌లో పుట్టి పెరిగినవాణ్ని):
మూడూ ఒకే రోజు పెట్టుకోకండమ్మా. డోర్నకల్ ఒక దిక్కు, మెదక్ ఇంకో దిక్కు. అమ్మగారికి కారులో కూర్చోవడంతోనే సరిపోతుంది. కాజీపేట పక్కనే కదా, ఏ సాయంత్రమైనా వెళ్లొచ్చు.

ముందు మా డోర్నకల్ రండి. వరంగల్‌లో విజయవాడ వైపు బండెక్కితే మహబూబాబాద్ దాటాక వస్తుంది. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఆగవు, చూసుకుని ఎక్కండి. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ చర్చి శాఖలో, బిషప్ అయిన మొదటి భారతీయుడు అజరయ్య గారు 1912 నుంచి 1945లో కన్నుమూసేదాకా ఇక్కడి బిషపే. ఆయన కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. ఇంగ్లండ్ చర్చిని తెచ్చి పెట్టినట్టు ఉండదు. మసీదు గుమ్మటాలు, మన గుళ్లలో ఉండేలాంటి స్తంభాలు ఒక్కచోటే కనిపిస్తాయి. చిన్నప్పుడు మా నాయనమ్మ ఆరాధనకు చాలా ముందే తీసుకెళ్లి నన్నో స్తంభం పక్కన కూర్చోబెట్టేది. ఎండాకాలం దానికి చెంప ఆనిస్తే చల్లగా ఉండేది. ఇప్పుడు వెళ్లినా నా కాళ్లు ముందు ఆ స్తంభం దగ్గరికే పోతాయి.

ఆరాధన లేని వేళ ఎవరైనా రావొచ్చు. పాస్టరు అయ్యగారు కనబడితే ఒక మాట అడగండి, చాలు.

జవాబు 2 (మెదక్ కోడలిని):
మెదక్‌కు పగలే రండి అక్కా. బలిపీఠం వెనకాల క్రీస్తు ఆరోహణం, అంటే పరలోకానికి ఎక్కిపోయే బొమ్మ, ఉన్న రంగుటద్దాల కిటికీకి బయటి వెలుగే ప్రాణం. పొద్దు పోయాక లోపలి నుంచి ఆ బొమ్మ కనిపించదు. పోయినసారి మా అత్తమ్మ తెల్లచీర మీద నీలం, ఎరుపు పడ్డాయి, ఆమె కదలకుండా అలాగే నిలబడిపోయింది. మిషనరీ పాస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి పనిచ్చి, తిండి పెట్టి కట్టించిన గుడి ఇది. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ చేశారు. గోపురం ఎత్తు 170 అడుగుల పైమాటే. ఆదివారం పొద్దున, క్రిస్మస్ రోజుల్లో మాత్రం వద్దు. ఆ జనంలో అమ్మగారు నిలబడలేరు.

ప్రశ్న అడిగినామె:
ఇద్దరికీ థాంక్స్. ఆ స్తంభం సంగతి చదివి వినిపిస్తే పెద్దమ్మ డోర్నకలే ముందు అంది. బుధవారం వెళ్తున్నాం. అన్నా, అది లోపలికి వెళ్లాక ఏ వైపు?