బీచ్ దగ్గర ఇసుకలో పసుపు పూలు, పల్లేరేనా?

తిరువాన్మియూర్ తెలుగమ్మాయి: మా వీధి చివర ఖాళీ ప్లాటు, అంతా ఇసుకే. వానలు పడ్డాక నేలకి అంటుకుని ఒక మొక్క పాకింది. చింతాకులా చిన్న చిన్న ఆకులు, ఐదు రేకుల పసుపు పూలు. పొద్దున్నే భలే ముద్దుగా ఉంటాయి. పక్కింటావిడ తమిళంలో నెరుంజి అంటోంది. మావాడు అక్కడే సైకిల్ తొక్కుతాడు, అదే టెన్షన్. పీకించెయ్యాలా?

ఒంగోలు టు వేళచ్చేరి: పల్లేరే అండీ. కాయలు ఎండనివ్వండి, పంక్చర్లు వేయించలేక మీ పని అయిపోతుంది.

మొక్కల పిచ్చి: ఆగండి, ఈ ఇసుకలోనే ఏనుగు పల్లేరు కూడా వస్తుంది. దానికి మందపాటి ఆకు, గొట్టంలాంటి పువ్వు. కొమ్మ విరిచి నీళ్ళలో తిప్పితే నీళ్ళు జిగురుగా మారతాయి. మీరు చెప్పినది మామూలు పల్లేరే. కణుపు దగ్గర చూడండి, ఎదురెదురు ఆకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఉంటుంది.

కాయ పండాక ఐదు ముక్కలవుతుంది. ఒక్కో ముక్కకి రెండు పెద్ద ముళ్ళు, రెండు చిన్నవి. ఎలా పడినా ఏదో ఒక ముల్లు పైకే ఉంటుంది. టైరుకో చెప్పుకో గుచ్చుకుని ఇంకో వీధికి పోవడమే దాని పని. లోపలి గింజలన్నీ ఒకేసారి మొలవవు, కొన్ని ఏళ్ళ తరబడి ఇసుకలోనే ఉండిపోతాయి. అందుకే ఒకసారి పీకితే సరిపోదు, పీకేదేదో కాయ పట్టకముందే పీకాలి.

గుంటూరు కోడలు: మా అత్తగారు కిడ్నీలో రాళ్ళకి దీని కషాయం తాగమంటారు. కోసి ఎండబెట్టుకోవచ్చా?

మొక్కల పిచ్చి: ఆయుర్వేదంలో గోక్షురం ఇదే, దశమూలాల్లో ఒకటి కూడా. అయినా కుక్కలు తిరిగే ప్లాటులోది కాచుకుని తాగడమేంటమ్మా! రాళ్ళంటే ముందు స్కాన్ తీయించుకోండి.

మైలాపూర్ మావయ్య: ప్రాచీన తమిళ సంగం కవితల్లో కూడా ఉందిది. కంటికి ఇంపైన నెరుంజి పువ్వే తర్వాత ముల్లయినట్టు ప్రియుడు మారిపోయాడని ఒకామె వాపోతుంది. మన పల్లేరుకి ఇంత మర్యాద చేసినవాళ్ళు ఇంకెవరున్నారు?

తిరువాన్మియూర్ తెలుగమ్మాయి: అయితే సైకిల్ తిరిగే వైపు వరకే తీయిస్తా. పూలన్నీ పోతాయంటే మనసొప్పట్లేదు.

ఒంగోలు టు వేళచ్చేరి: మంచిది. కొమ్మలన్నీ ఒక్క మొదలు నుంచే పాకుతాయి, అక్కడ పట్టుకుని లాగితే తీగంతా వచ్చేస్తుంది. కాయ పట్టినవి ఉంటే మాత్రం అక్కడే పడెయ్యకుండా మందపాటి సంచిలో కట్టి చెత్తబండికి ఇవ్వండి. పల్చటి కవర్ అయితే ముళ్ళు పొడుచుకుని వస్తాయి.