మా ఆవిడకి టీవీ హెడ్‌ఫోన్స్: బ్లూటూత్‌లో మాట వెనకబడుతోంది, ఏది తీసుకోవాలి?

గౌతమీతీరం (ప్రశ్న)

నమస్కారమండీ. మా ఆవిడకి 62 ఏళ్ళు. రెండు చెవులూ మందగించాయి. ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్ష కాగితంలో) కుడి చెవి లోపం సగటు 50 డెసిబెల్స్, ఎడమ 65. చెవి వెనక పెట్టుకునే మిషన్లు వాడుతుంది, అయినా టీవీలో మాటలు తెలియడం లేదంటోంది. సౌండ్ 40 దాటిస్తే నాకూ పక్కవాటా వాళ్ళకీ కష్టం.

మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో రెండు ఇబ్బందులు. పెదవి కదిలాక మాట వస్తోంది. పైగా అది కలవగానే టీవీ స్పీకర్ ఆగిపోతోంది, నాకేమీ వినపడదు. టీవీ 43 అంగుళాల ఆండ్రాయిడ్. వెనక ఆప్టికల్ (వెలుగు ద్వారా శబ్దం బయటికి పంపే రంధ్రం) ఉంది, మూడు హెచ్‌డీఎంఐలు ఉన్నాయి, 3.5 ఎంఎం రంధ్రాలు రెండున్నాయి. డీటీహెచ్, యూట్యూబ్ రెండూ చూస్తాం. పది వేల లోపు ఏది తీసుకోమంటారు? మిషన్ తీసి హెడ్‌ఫోన్ పెట్టాలా, మిషన్ మీదే పెట్టుకోవచ్చా?

తీగలూ జాకులూ

మీ హెడ్‌ఫోన్‌లో లోపం లేదండీ, బ్లూటూత్ పద్ధతే అంత. మామూలు ఎస్‌బీసీ కోడెక్‌లో (శబ్దాన్ని కుదించి పంపే పద్ధతిలో) శబ్దం చెవికి చేరేసరికి 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. 125 దాటితే చాలామందికి తేడా పట్టుబడుతుంది. వినికిడి తగ్గినవాళ్ళు పెదవులు చూసి కూడా మాట పోల్చుకుంటారు కాబట్టి వాళ్ళకి మనకన్నా ఎక్కువ ఇబ్బంది. టీవీలో ‘ఏవీ సింక్’ (బొమ్మనీ శబ్దాన్నీ కలిపే సెట్టింగు) తిప్పి చూస్తారు చాలామంది. అది సాధారణంగా శబ్దాన్ని ఇంకా వెనక్కి జరుపుతుందే గానీ ముందుకి లాగలేదు.

మీకు కావలసింది సొంత ట్రాన్స్‌మిటర్‌తో (టీవీకి కలిపితే శబ్దం పంపే పెట్టెతో) వచ్చే హెడ్‌ఫోన్ సెట్టు. సెన్‌హైజర్ ఆర్‌ఎస్ 175 ఆ తరహాదే: డాక్‌కి, అంటే ఆ ట్రాన్స్‌మిటర్ పెట్టెకి, ఆప్టికల్, అనలాగ్ రెండూ ఉంటాయి, హెడ్‌ఫోన్ దానిమీదే చార్జ్ అవుతుంది. వేరే కంపెనీది చూసినా పెట్టె మీద ‘2.4 గిగాహెర్ట్జ్’ అన్న మాట చూసి తృప్తిపడకండి, బ్లూటూత్ నడిచేదీ ఆ బ్యాండ్‌లోనే. ఆలస్యం ఎన్ని మిల్లీసెకన్లని రాశారో చూడండి. 50 లోపు ఉంటే బెంగ లేదు. బ్లూటూతే కావాలంటే ట్రాన్స్‌మిటర్‌కీ హెడ్‌ఫోన్‌కీ రెండింటికీ ‘ఆప్టెక్స్ లో లేటెన్సీ’ (ఆలస్యం తక్కువుండే కోడెక్) ఉండాలి, అప్పుడు సుమారు 40కి దిగుతుంది. ఒకవైపే ఉంటే మళ్ళీ ఎస్‌బీసీకి పడిపోతుంది.

అమెరికా నుంచి పిల్లల చేత తెప్పించే ఆలోచన ఉంటే అడాప్టర్ మీద ‘100–240 వోల్టులు’ అని ఉందో లేదో ముందు ఫొటో తీసి పంపమనండి. 120 అని మాత్రమే ఉంటే మన ప్లగ్గులో పెట్టగానే కాలిపోతుంది.

కలపడం ఆప్టికల్ ద్వారానే చేయండి. తీగ రెండు కొసలకీ చిన్న ప్లాస్టిక్ టోపీలుంటాయి, అవి తీయకుండా గుచ్చితే లోపలికి దిగదు, బలవంతం చేస్తే సాకెట్ విరుగుతుంది. తర్వాత టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్‌ని ‘ఆటో’ నుంచి ‘పీసీఎం’కి (కుదించని మామూలు శబ్దానికి) మార్చండి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. చాలా ట్రాన్స్‌మిటర్లకి డాల్బీ అర్థం కాదు. మామూలు చానెల్ బాగానే వినపడి, డాల్బీ ఉన్న సినిమా పెట్టగానే నిశ్శబ్దమో గరగరో వస్తుంది, సెట్టు పాడైందని వెనక్కి పంపేస్తారు. డీటీహెచ్ బాక్సులో కూడా ఆడియోని స్టీరియో లేదా పీసీఎం చేయండి. బాక్సుకి ఆప్టికల్ ఉన్నా దానికి కలపొద్దు, అక్కడ చానెళ్ళ శబ్దమే వస్తుంది, టీవీలోని యూట్యూబ్ రాదు.

మీ రెండు 3.5 రంధ్రాల్లో ఒకటి చాలావరకు ‘ఏవీ ఇన్’ అయ్యుంటుంది. అది లోపలికి వచ్చే దారి, అందులో ఏం పెట్టినా శబ్దం రాదు. రెండోది హెడ్‌ఫోన్‌ది, దాంట్లో పిన్ను పెడితే చాలా టీవీల్లో స్పీకర్ ఆగిపోతుంది. ఆప్టికల్‌తో సాధారణంగా స్పీకర్ మోగుతూనే ఉంటుంది. కొనకముందే చూసుకోండి: టీవీ వేసి ఆప్టికల్ రంధ్రంలో ఎర్ర వెలుగుందా, ఆ సమయంలో స్పీకరూ మోగుతోందా? రెండూ ఉంటే మీ సౌండ్ మీకు, ఆవిడ సౌండ్ ఆవిడకి.

వినికిడి గది

పైన చెప్పినదంతా నిజమే, కాని మొదట చూడవలసింది ఆవిడ ఆడియోగ్రామ్. సగటు అంకె సరిపోదు, గీత ఎటు వాలిందో చూడండి. వయసుతో వచ్చే లోపంలో ముందు పోయేవి ఎక్కువ ఫ్రీక్వెన్సీలు, అంటే స, శ, త, క లాంటి హల్లులు. అచ్చులు బాగానే వినపడతాయి. అందుకే ‘వినపడుతోంది గానీ తెలియడం లేదు’ అంటారు. ఇలాంటప్పుడు వాల్యూమ్ పెంచితే అచ్చులు మోతెక్కి హల్లుల్ని ఇంకా కప్పేస్తాయి. హెడ్‌ఫోన్ అన్నిటినీ ఒకే లెక్కన పెంచుతుంది. మిషన్ అలా కాదు, ఆవిడ చెవికి తగ్గట్టు ఏది ఎంత పెంచాలో అంతే పెంచుతుంది. కాబట్టి 65 ఉన్న చెవికి మిషన్ తీసేసి హెడ్‌ఫోన్ పెట్టమని నేను చెప్పను.

మిషన్ మీదే పెట్టాలంటే చెవి మొత్తాన్ని కప్పే పెద్ద కప్పులవి తీసుకోండి. చెవి వెనక మిషన్‌కి మైకు చెవి పైఅంచు దగ్గర ఉంటుంది. చెవి మీద ఆనే చిన్న దిళ్ళ రకంలో అది కప్పు బయటే ఉండిపోయి గది శబ్దాన్నే తీసుకుంటుంది. కప్పుని అర అంగుళం పైకి జరిపి, మైకు లోపలికి వచ్చేలా కూర్చోబెట్టండి. కీచుమంటే కప్పు మరీ దగ్గరగా నొక్కుతోందన్నమాట, కాస్త వదులు చేయండి లేదా వెడల్పు కప్పు చూడండి. కొనేముందు షాపులోనే మిషన్లతో పెట్టి చూడాలి.

మిషన్ కంపెనీ, మోడల్ చెప్పండి. ఫోనాక్, ఓటికాన్, సిగ్నియా, రీసౌండ్ లాంటి కంపెనీలకి సొంత టీవీ బాక్సులున్నాయి, టీవీ శబ్దాన్ని నేరుగా మిషన్లోకే పంపుతాయి. ఒక కంపెనీ బాక్సు సాధారణంగా ఇంకో కంపెనీ మిషన్‌కి పనిచేయదు, ఒకే కంపెనీలో కూడా వైర్‌లెస్ ఉన్న మోడళ్ళకే.

వాల్యూమ్ సంగతి: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 90 అయితే 4 గంటలే. రోజూ మూడు గంటల టీవీ అంటే వారానికి 21. వినికిడి తగ్గిన చెవికి మినహాయింపేమీ లేదు, మిగిలిన వినికిడినే కాపాడుకోవాలి.

ఇంకొక మాట, దీన్ని పక్కన పెట్టకండి. రెండు చెవుల మధ్య 15 తేడా ఉంది. దీని గురించి ఈఎన్‌టీ డాక్టరు చూశారా? చూడకపోతే చూపించండి. ఎప్పుడైనా ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే ఒక్క రోజు కూడా ఆగొద్దు, మొదటి రోజుల్లో మొదలుపెట్టే మందుకే ఫలితం ఎక్కువ. ఆడియోగ్రామ్ ఏడాది దాటితే మళ్ళీ తీయించండి. హైదరాబాద్ వైపు వస్తే సికింద్రాబాద్‌లో వినికిడి లోపాల జాతీయ సంస్థ అయిన అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

గౌతమీతీరం

ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఎర్ర వెలుగు వస్తోంది, స్పీకరూ మోగుతోంది. మిషన్‌కి బ్లూటూత్, వైర్‌లెస్ ఏమీ లేవు, కాకపోతే కాగితం మీద ‘టీ’ అని ఉంది. డాక్టరుకి 15 తేడా సంగతి ఈ వారమే చూపిస్తాం.

వినికిడి గది

‘టీ’ అంటే టెలికాయిల్, మిషన్‌లో చిన్న తీగచుట్ట. మెడలో వేసుకునే నెక్‌లూప్ నుంచి వచ్చే అయస్కాంత సంకేతాన్ని అది పట్టుకుంటుంది, గది శబ్దం రాదు. ముందు మిషన్ ఇచ్చిన చోటికి వెళ్ళి టీ ప్రోగ్రామ్ కంప్యూటర్‌లో ఆన్ చేయించండి. చాలా మిషన్లలో అది ఉన్నా ఆపేసి ఇస్తారు. ‘టీ ఒక్కటే’, ‘టీతో పాటు మైకు’ అని రెండు రకాలు పెట్టించుకోవచ్చు. రెండోది ఉంటే మీరు పిలిచినా వినపడుతుంది.

చిక్కు ఒక్కటే, గుయ్‌మనే శబ్దం. ఇన్వర్టర్, చోక్ ఉన్న ట్యూబ్‌లైట్, చార్జింగ్‌లో ఉన్న ఫోన్ దగ్గరుంటే టెలికాయిల్ వాటినీ పట్టుకుంటుంది. కుర్చీని ఇన్వర్టర్ గోడకి దూరంగా జరపండి.

తీగలూ జాకులూ

నెక్‌లూప్‌ని టీవీ హెడ్‌ఫోన్ రంధ్రంలో నేరుగా పెడితే శబ్దం బలహీనంగా ఉండొచ్చు, పైగా స్పీకర్ ఆగుతుంది. సొంత బ్యాటరీ, ఆంప్లిఫయర్ ఉన్న రకం తీసుకుని ఆప్టికల్ నుంచి ఇవ్వండి. దానికి ఆప్టికల్ లేకపోతే మధ్యలో ఆప్టికల్‌ని అనలాగ్‌గా మార్చే చిన్న కన్వర్టర్ పెట్టండి, 5 వోల్టుల యూఎస్‌బీ కరెంటు చాలు. దీనితో ఆవిడ తీగ చివర కూర్చోవాలి. తీగ వద్దంటే పెద్ద కప్పుల ట్రాన్స్‌మిటర్ సెట్టే.

సెట్టు తీసుకుంటే డాక్ కరెంటుని టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వకండి. టీవీ ఆపగానే అది ఆగిపోతుంది, రాత్రంతా పెట్టినా చార్జ్ ఎక్కదు. గోడ ప్లగ్గే. వైఫై రౌటర్‌కి డాక్ కనీసం ఒక మీటరు దూరంలో ఉంచి, వీలైతే టీవీ వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి, లేకపోతే మధ్యమధ్య మాట తెగుతుంది. డాక్‌ని ఇనుప అల్మారాలో పెట్టినా అంతే.

ఆర్‌ఎస్ 175 లాంటి వాటిలో రెండు ట్రిపుల్ ఏ సైజు ఎన్‌ఐఎమ్‌హెచ్ రీచార్జబుల్ సెల్స్ ఉంటాయి, అవి అరిగితే విడిగా మార్చుకోవచ్చు. కిరాణా కొట్లో దొరికే మామూలు సెల్స్ వేసి డాక్ మీద పెట్టొద్దు, కారి లోపలి స్ప్రింగులు తినేస్తాయి.