ఫీనిక్స్ ఎండ నుంచి కొండమీది అడవికి: నాలుగేళ్ల మనవడితో టెంటులో ఉండగలమా?

పెరంబూరు అమ్మమ్మ:
జూన్ ఆఖరున అమెరికాలో, అరిజోనా ఎడారి ఊరు ఫీనిక్స్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. 2023లో అక్కడ వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటిందట. "ఎంతసేపని ఏసీలో కూర్చుంటావమ్మా, మొగొల్లన్ రిమ్ అనే కొండ అంచు మీద టెంటు వేసుకుని రెండు రాత్రులుందాం" అంటోంది. కారులో రెండు గంటల దారేనట. కత్తిరి వెయిలు, అదే మే నెల మండుటెండల రోజుల్లో కరెంటు పోతే, డాబా మీద నీళ్లు చల్లి పడుకుని పెరిగినదాన్ని, ఎండకి జంకను. నా బెంగంతా రాత్రి చలి, నా మోకాళ్లు, పిల్లాడి తిండి. వెళ్లొచ్చినవాళ్లుంటే చెప్పండి.

వేళచ్చేరి నుంచి:
తప్పకుండా వెళ్లండమ్మా. రెండేళ్ల కిందట మా అబ్బాయి తీసుకెళ్లాడు. ఫీనిక్స్ 330 మీటర్ల ఎత్తులో ఉంటే, మేం దిగిన చోటు 2,300. దారి పొడుగునా మనిషికి మూడింతలున్న సగువారో జెముళ్లు. పేసన్ అనే ఊరు దాటి పైకెక్కితే అన్నీ పొండెరోసా పైన్ చెట్లే. ఎండకి కాగిన బెరడుకి ముక్కు ఆనించి చూడండి, ఐస్‌క్రీమ్‌లో వేసే వెనిలా వాసన! మనవణ్ణి ఎత్తుకుని వాసన చూపించండి.

తెల్లవారుజామున స్వెటరు మీద శాలువా కప్పుకున్నాను. కప్పుకునేదాని కంటే కింద వేసుకునేది ముఖ్యం, ఒంట్లో వేడంతా నేల లాగేస్తుంది. మీరు మడతమంచం, దానిమీద మందపాటి పరుపు అడగండి.

అన్నం దగ్గర మాత్రం పొరపాటు చేశాను. మామూలు గిన్నెలో ఎసరు పెట్టాను. నీళ్లు తెర్లుతూనే ఉన్నాయి, మెతుకు పట్టి చూస్తే లోపల పలుకే. అంత ఎత్తులో నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయని నాకేం తెలుసు? పిల్లలు బ్రెడ్డు తిని పడుకున్నారు, తలచుకుంటే ఇప్పటికీ బాధే. కుక్కరు మరిచిపోకండి.

అంబత్తూరు బాబాయి:
అమ్మా, జూన్‌లో ఆ అడవి ఎండి గలగల్లాడుతుంటుంది. కట్టెల మంట తరచూ నిషేధిస్తారు, బయల్దేరే రోజు అటవీశాఖ ప్రకటన చూడమనండి. 2018 మార్చిలో కురంగణి కొండల్లో కార్చిచ్చు, ట్రెక్కింగ్‌కి వెళ్లిన మన చెన్నై పిల్లల్ని ఎలా పొట్టనబెట్టుకుందో మరవగలమా? జూలై వచ్చిందంటే మధ్యాహ్నాలు పిడుగులు. ఉరిమితే టెంటు వదిలి కారెక్కండి. ఎలుగుబంట్లు తిరిగే చోటు, బిస్కెట్ ప్యాకెట్టు కూడా టెంటులో ఉంచొద్దు. ఇంకొకటి, మనకిక్కడ చెమట కారుతుంది, అక్కడ పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది. పిల్లాడు అడిగేదాకా ఆగకుండా నీళ్లు పట్టండి.

పెరంబూరు అమ్మమ్మ:
ఇద్దరికీ చాలా థాంక్స్. అమ్మాయి కుక్కరు గాస్కెట్ సాగిపోయిందట, రేపే కొని పెట్టెలో పెడతాను.