మడత చాకు: ఏ ఉక్కుకు ఏ సానరాయి?

ప్రశ్న: నా వద్ద 420హెచ్‌సీ, ఎస్30వీ ఉక్కులతో చేసిన రెండు మడత చాకులున్నాయి. మొదటిది మామూలు సానరాయి మీద త్వరగా పదునెక్కి, అంతే త్వరగా మొద్దుబారుతోంది. రెండోది ఎంత రుద్దినా లొంగడం లేదు. రాయి మార్చాలా, కోణం మార్చాలా?

సమాధానం 1: ముందుగా రాయి మార్చండి. ఎస్30వీలో దాదాపు 4 శాతం వనాడియం ఉంటుంది. అది కార్బన్‌తో కలిసి ఏర్పరిచే కార్బైడ్ రేణువులు మామూలు సానరాయిలోని అల్యూమినియం ఆక్సైడ్‌కన్నా గట్టివి కనుక, రాయి వాటి చుట్టూ ఉన్న ఉక్కును అరగదీయగలదే తప్ప ఆ రేణువులను కోయలేదు. వజ్రపు పూత ఉన్న పలక ఈ పనిని తేలిక చేస్తుంది. పదును ఎక్కువకాలం నిలవడానికీ ఆ రేణువులే కారణం. 420హెచ్‌సీలో అవి చాలా తక్కువ.

సమాధానం 2: కోణాన్నీ తీసిపారేయలేము. ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంచి, అవతలి వైపు అంచు పొడవునా సన్నని గరుకు తగిలేవరకు ఒకే వైపు రుద్దాలి. చాలామంది అది రాకముందే వైపు మారుస్తారు, నింద మాత్రం ఉక్కు మీద వేస్తారు! అంచుకు మార్కర్ సిరా పూసి రుద్దితే, రాయి ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది.

ప్రశ్న: డీ2 ఉక్కుకూ వజ్రపు పలకే అవసరమా?

సమాధానం 1: తప్పనిసరి కాదు. అందులో ప్రధానంగా ఉండే క్రోమియం కార్బైడ్లు అంత గట్టివి కావు కనుక, ఆలస్యమైనా మామూలు రాయి సరిపోతుంది. అయితే సుమారు 12 శాతం క్రోమియం ఉన్నప్పటికీ దానికి తుప్పు పట్టవచ్చు. తుడిచి, పలుచగా నూనె రాసి ఉంచండి.