మగ పిల్లికి మూత్రం బ్లాక్ తీసి నిన్నే ఇంటికి పంపారు, మళ్లీ ముక్కుతున్నాడు. ఎంతసేపు ఆగొచ్చు?

మా వాడికి ఆరేళ్లు. నాలుగు రోజుల క్రితం ఇసుక ట్రేలోకి పదే పదే వెళ్లి కూర్చుంటుంటే మలబద్ధకం అనుకుని ఒక పూటంతా ఊరుకున్నాం, ఆ బాధ నన్నింకా వదల్లేదు. సాయంత్రానికి వాంతులు, ఒళ్లు చల్లబడిపోయింది. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే మూత్రనాళం పూర్తిగా మూసుకుపోయిందని, రక్తంలో పొటాషియం పెరిగి గుండె నెమ్మదించిందని చెప్పి, ముందు కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చి సెలైన్ పెట్టి, ఆ తర్వాత క్యాథెటర్ (మూత్రం బయటికి రావడానికి నాళంలో పెట్టే సన్నని గొట్టం) వేశారు. రెండు రోజులు ఐసీయూలోనే ఉన్నాడు.

ఇప్పుడు గంటకు మూడు నాలుగు సార్లు ట్రేలోకి వెళ్తున్నాడు. వీపు వంచి, తోక వణికిస్తూ చాలాసేపు కూర్చుంటాడు, తీరా చూస్తే మూత్రంతో తడిసి ఇసుకలో కట్టింది గోళీ అంత ఉండ, లేత గులాబీ రంగులో. క్యాథెటర్ తీశాక నాళం వాచి కొన్ని రోజులు ఇలా ఉండొచ్చని డాక్టర్ చెప్పారు, కానీ మొదటి కొన్ని రోజుల్లోనే మళ్లీ మూసుకుపోవచ్చని కూడా ఆయనే అన్నారు. నాకు ఆ రెండింటికీ తేడా తెలియట్లేదు.

పొట్ట కింద మెల్లగా తాకితే ఇప్పటికైతే మెత్తగానే ఉంది, గట్టిగా నొక్కడానికి భయం. ఆసుపత్రికి ఫోన్ చేస్తూనే ఉన్నాను, లైన్ కలవట్లేదు. ఇది దాటినవాళ్లు చెప్పండి, ఇలా కొంచెం కొంచెం పడుతున్నా మీరు వెంటనే తీసుకెళ్లారా? రాత్రిపూట ఎన్ని గంటలకోసారి లేచి చూశారు? చుక్క కూడా పడకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగను, వాణ్ని తీసుకెళ్లే బుట్టని తలుపు దగ్గరే పెట్టుకున్నాను.