క్షణభంగురమా, అశాశ్వతమా?

ప్రశ్న:
మా తాతగారు 91వ ఏట కాలం చేశారు. పెద్దకర్మ పత్రిక పైన ‘జీవితం క్షణభంగురం’ అని నేను రాసిన వాక్యాన్ని మా పెదనాన్నగారు చదివి, ‘తొంభై ఏళ్ళు బతికిన మనిషిని పట్టుకుని క్షణం అంటావేమిటి?’ అని కొట్టేయమన్నారు. క్షణభంగురం, నశ్వరం, అశాశ్వతం అనే మూడు మాటలకూ అర్థం ఒకటే అనుకుంటూ వచ్చాను. వీటి మధ్య తేడా ఏమిటో, ఇక్కడ ఏది తగునో పెద్దలు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:
మూడూ ‘నిలవదు’ అనే చెబుతాయి గాని ఒక్కొక్కటి ఒక్కో వైపు నుంచి చెబుతుంది. అశాశ్వతం అంటే శాశ్వతం కానిది, అంతే. గంటలో పోతుందా, వందేళ్ళకు పోతుందా అన్నది ఆ మాటలో లేదు గనుక పదవికైనా, సంపదకైనా, శరీరానికైనా జంకు లేకుండా వాడుకోవచ్చు. నశ్వరం అంటే నశించడమే స్వభావంగా గలది. భంగురంలో ఉన్నది ‘భంజ్’ ధాతువు, అంటే విరగడం. పాణిని దీనికి ‘ఘురచ్’ ప్రత్యయం చెప్పాడు (భాసురం, మేదురం కూడా ఈ సూత్రం కిందివే); ఆయన సూత్రాలకు వ్యాఖ్య అయిన కాశికావృత్తి ‘భంగురం కాష్ఠం’ (విరిగిపోయే కట్టె) అని ఉదాహరించింది. ఒకరు విరిచినందువల్ల కాక, తనంతట తానే విరిగిపోయే గుణం అది. వాన కురిసేటప్పుడు చూరు కింద నిలిచిన నీటిలో లేచే బుడగను చూడండి, మన వేలు తగలకముందే పగిలిపోతుంది. క్షణభంగురం అంటే అదీ.

రెండవ సమాధానం:
పై వివరణ సరైనదే అయినా, మీ పెదనాన్నగారి పక్షాన ఒక మాట చెప్పాలి. శాస్త్రార్థంలో నూరేళ్ళ శరీరమూ క్షణభంగురమే, ఏ క్షణాన పోతుందో తెలియదు గనుక. అయితే పత్రిక అందుకున్నవారి చెవికి ముందుగా తగిలేది ‘క్షణం’. చిన్న వయసులో పోయినవారి విషయంలో ఆ మాట గుండెలో గుచ్చుకునేంతగా అతుకుతుంది; పండుటాకు రాలినప్పుడు అతకదు. గీతలో లోకాన్ని ‘అనిత్యం’ అనీ, పునర్జన్మను ‘అశాశ్వతం’ అనీ అన్నారు. మీకు ఆ రెండింటిలో ఏదైనా తగుతుంది. ‘మూణ్ణాళ్ళ ముచ్చట’ అని ఎవరైనా సూచిస్తే మాత్రం ఒప్పుకోకండి, అందులో చిన్నచూపు ఉంది. అన్నట్టు, ‘క్షణబంగురం’ అని అచ్చు కావడం తరచు చూస్తున్నాను. అక్కడ ఉండవలసింది ‘భ’.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘దేహం అశాశ్వతం’ అని మార్చి పెదనాన్నగారికి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, దానినీ కొట్టేసి, ‘నిండు తొంభై ఏళ్ళు మా మధ్య ఉన్నారు’ అని తన చేత్తో రాసి ఇచ్చారు. దానినే అచ్చుకు పంపుతున్నాను.