గురుగ్రహం ఎస్-బర్స్ట్‌లను మెరుపుల చిటపటల నుంచి వేరుచేయడం ఎలా?

నమస్కారం. గురుడి ఉపగ్రహమైన అయో కారణంగా గురుగ్రహం నుంచి వెలువడే రేడియో తరంగాలను 20.1 మెగాహెర్ట్జ్ దగ్గర పట్టి వింటున్నాను. యాంటెన్నా 7.1 మీటర్ల అర్ధతరంగ డైపోల్ (తరంగదైర్ఘ్యంలో సగం పొడవున్న తీగ), 3 మీటర్ల ఎత్తున. గురుడు మిథునంలో ఉంటే హైదరాబాద్‌లో దాదాపు నడినెత్తికి వస్తాడు, కాబట్టి ఆ ఎత్తు చాలు. 75 ఓమ్ కేబుల్ 9.85 మీటర్లు; వెలాసిటీ ఫ్యాక్టర్ (కేబుల్‌లో తరంగం వేగానికి, కాంతి వేగానికి ఉన్న నిష్పత్తి) 0.66 కనుక అది ఒక పూర్తి తరంగదైర్ఘ్యం.

రిసీవర్ ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ (కంప్యూటర్‌కు తగిలించే చవక యూఎస్‌బీ రేడియో), ట్యూనర్‌ను దాటవేసే డైరెక్ట్ శాంప్లింగ్‌లో. దాని క్లాక్ 28.8 మెగాహెర్ట్జ్, అందుకే 8.7 దగ్గరి సిగ్నళ్లు 20.1 మీద వచ్చి పడతాయి. కాబట్టి రిసీవర్‌కు ముందు, 15 మెగాహెర్ట్జ్‌కు దిగువవాటిని ఆపే హైపాస్ ఫిల్టర్ తప్పనిసరి. ఏఎం మోడ్, ఏజీసీ (శబ్దస్థాయిని తనంతట తానే సర్దే ఏర్పాటు) ఆఫ్: ఆన్‌లో ఉంటే ఎల్-బర్స్ట్ (గురుడి నుంచి వచ్చే దీర్ఘమైన రేడియో విస్ఫోటం) హోరులోని హెచ్చుతగ్గులు చదునైపోతాయి. ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు అన్నీ ఆపేశాను.

ఎల్-బర్స్ట్‌లు స్పష్టంగా వస్తున్నాయి. చిక్కంతా ఎస్-బర్స్ట్‌లతోనే, అంటే అతి పొట్టి విస్ఫోటాలతోనే. పేలాలు వేగుతున్నట్టు వినిపించేది గురుడిదా, దూరపు మెరుపులదా చెవికి తెలియడం లేదు. ఎస్-బర్స్ట్ కొన్ని మిల్లీసెకన్లలోనే పై ఫ్రీక్వెన్సీ నుంచి కిందికి జారుతుంది. మెరుపు స్పెక్ట్రోగ్రామ్‌లో (కాలానికి ఫ్రీక్వెన్సీ ఎలా మారిందో చూపే చిత్రంలో) అన్ని ఫ్రీక్వెన్సీల్లో ఒకేసారి నిలువు గీతలా పడుతుంది. ఈ వాలు చూడాలని సెకనుకు 2.4 మెగాశాంపిళ్ల ఐక్యూ (సిగ్నల్ తీవ్రత, దశ రెండూ దాచే) రికార్డింగ్‌కు 4096 శాంపిళ్ల ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) వాడుతున్నాను, స్పెక్ట్రోగ్రామ్‌లో ఒక్కో వరుసకు 1.7 మిల్లీసెకన్లు.

2048కి దిగితే వాలు ఇంకా స్పష్టమవుతుందా, లేక బలహీన సిగ్నల్ నాయిస్‌లో కలిసిపోతుందా? ఆడియోను 128 రెట్లు నెమ్మదిచేసి, కిందికి దిగే ఈలలు వినాలంటే ఎంత ఫిల్టర్ వెడల్పు ఉంచాలి? చేసి చూసినవాళ్లు సెట్టింగ్‌లతో సహా చెప్పగలరు.